లినక్స్ కంప్యూటర్‌లో శబ్దం రాకపోతే

లినక్స్ డెస్క్‌టాప్‌లో శబ్దం రాకపోవడానికి కారణాలు ఎన్నైనా ఉండవచ్చు గానీ, ఆ కారణాలు దాగుండే చోట్లు కొన్నే. పాట వినిపించే ప్రోగ్రాం మొదటిది. ఆ ప్రోగ్రాం నుంచి శబ్దాన్ని అందుకుని, మిగతా ప్రోగ్రాముల శబ్దాలతో కలిపే సౌండ్ సర్వర్ రెండోది. దాని కింద కెర్నల్‌లోని డ్రైవర్, డ్రైవర్ నడిపే చిప్, చిప్ తర్వాత యాంప్లిఫయర్, చివరికి స్పీకరో హెడ్‌ఫోనో. వీటిలో చాలా మెట్లకు సొంత వాల్యూమ్, సొంత మ్యూట్ ఉంటాయి. మిగతావన్నీ సవ్యంగా ఉన్నా ఒక్కచోట మూసుకుపోతే చాలు, చెవికి ఏమీ చేరదు.

కాలువ చివరి చేనుకు నీళ్లందకపోతే రైతు చేలో నిలబడి ఎదురు చూడడు. మధ్యలో ఏదో ఒక తూము దగ్గరికి వెళ్లి అక్కడిదాకా నీరు వచ్చిందా లేదా అని చూస్తాడు. వచ్చి ఉంటే అడ్డు దిగువన ఉన్నట్టు, రాకపోతే ఎగువన ఉన్నట్టు. శబ్దం విషయంలోనూ సరైన పద్ధతి ఇదే. ఇంటర్నెట్‌లో కనిపించిన ఆదేశాలను ఒకదాని తర్వాత ఒకటి అతికించడం, అదీ కుదరకపోతే ఆపరేటింగ్ సిస్టమ్‌నే మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం చాలామంది పట్టే దారి. దానివల్ల ఒక లోపానికి మరో రెండు తోడవుతాయి. పైగా మొదటి లోపం ఏమిటో ఎప్పటికీ తెలియకుండా పోతుంది.

శబ్దం లేకపోవడం కొందరికి చిన్న ఇబ్బంది కాదు. చూపు లేనివారు లినక్స్‌ను వాడేది ఎక్కువగా ఓర్కా అనే స్క్రీన్ రీడర్ సాయంతో. తెర మీది అక్షరాలను అది చదివి వినిపిస్తుంది. తెలుగును కూడా పలకగల ఈస్పీక్ ఎన్‌జీ వంటి స్పీచ్ ఇంజిన్ దాని వెనుక పనిచేస్తుంది. శబ్దం ఆగిందంటే వారికి కంప్యూటరే ఆగినట్టు. అందువల్ల ఈ లోపాన్ని ఒక క్రమంలో పట్టుకోవడం నేర్చుకోదగ్గ విద్య.

ఇన్ని పొరలు ఎందుకు?

కంప్యూటర్ లోపల శబ్దమంటే అంకెల వరుస. సీడీలో సెకనుకు 44,100 నమూనాలు, వీడియోల్లో సాధారణంగా 48,000 నమూనాలు ఉంటాయి. ఒక్కో నమూనాకు 16 బిట్లు, ఎడమ కుడి రెండు చానెళ్లు అనుకుంటే 48,000 వేగం దగ్గర సెకనుకు 1,92,000 బైట్ల సమాచారం ఆగకుండా ప్రవహించాలి. దాన్ని చిన్న చిన్న ముక్కలుగా చేసి చిప్‌కు అందించడం డ్రైవర్ పని. 1,024 నమూనాల ముక్క 48,000 వేగంలో సుమారు 21 మిల్లీసెకన్లు నిలుస్తుంది. ఆలోగా తర్వాతి ముక్క అందకపోతే శబ్దం తెగిపోతుంది, లేదా చిటపటలాడుతుంది.

లినక్స్‌కు తొలి సౌండ్ వ్యవస్థను 1992లో ఫిన్లాండ్‌కు చెందిన హన్ను సావొలైనెన్ మొదలుపెట్టారు. అదే తర్వాత ఓఎస్ఎస్ అనే పేరుతో స్థిరపడింది. 1998లో చెక్ ప్రోగ్రామర్ యారొస్లావ్ కిసెలా, గ్రావిస్ అల్ట్రాసౌండ్ అనే కార్డు కోసం రాసిన డ్రైవర్ నుంచి ఆల్సా పుట్టింది. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నల్‌తో ఆల్సాయే ప్రధాన వ్యవస్థ అయింది. నేటికీ దాదాపు అన్ని లినక్స్ కంప్యూటర్లలో అట్టడుగున ఉండేది అదే.

అయితే చవక సౌండ్ చిప్‌లు చాలావరకు ఒక సమయంలో ఒక్క ప్రవాహాన్నే తీసుకుంటాయి. పాట నడుస్తుండగా మెసేజ్ గంట కూడా మోగాలంటే ఎవరో ఒకరు ఆ రెండింటినీ ముందే కలిపి పంపాలి. ఆ పనికి వచ్చినవే సౌండ్ సర్వర్లు. లెనార్ట్ పోయెటెరింగ్ 2004లో ప్రారంభించిన పల్స్‌ఆడియో లినక్స్ పంపిణీల్లో 2007లో ఫెడోరా 8లోకి, 2008లో ఉబుంటు 8.04లోకి చేరింది. రెడ్ హ్యాట్‌లో పనిచేస్తూ విమ్ టేమన్స్ రూపొందించిన పైప్‌వైర్ ఇప్పుడు దాని స్థానాన్ని తీసుకుంది. ఫెడోరా 34 నుంచి, ఉబుంటు 22.10 నుంచి అదే సహజంగా వస్తోంది. పాత ప్రోగ్రాములు ఇబ్బంది పడకుండా పైప్‌వైర్ తనను తాను పల్స్‌ఆడియోగా కూడా చూపించుకుంటుంది. అందుకే కొత్త కంప్యూటర్‌లోనూ పల్స్‌ఆడియో కాలం నాటి సాధనాలు చాలావరకు పనిచేస్తాయి. ఏ పరికరం నుంచి శబ్దం రావాలో, దాన్ని ఎప్పుడు మార్చాలో నిర్ణయించేది మాత్రం వైర్‌ప్లంబర్ అనే మరో ప్రోగ్రాం.

ఈ చరిత్ర వల్ల ఒక ప్రయోజనం ఉంది. శబ్దం గురించి దొరికే సలహాల్లో చాలావరకు ఓఎస్ఎస్ కాలం నాటివో, పల్స్‌ఆడియో కాలం నాటివో అయి ఉంటాయి. కంప్యూటర్‌లో ఉన్న సర్వర్ ఏదో తెలియకుండా ఆ సలహాలు పాటించకూడదు. పీఏసీటీఎల్ ఇన్ఫో అనే ఆదేశం ఇస్తే సర్వర్ పేరు ఒక వరుసలో కనిపిస్తుంది. పైప్‌వైర్ ఉంటే ఆ వరుసలోనే 'పైప్‌వైర్ మీద పల్స్‌ఆడియో' అనే అర్థం వచ్చేలా రాసి ఉంటుంది. ఇక్కడ తెలుగులో రాసిన ఆదేశాలన్నింటినీ టెర్మినల్‌లో ఇంగ్లీషు చిన్న అక్షరాలతోనే టైప్ చేయాలి.

చేతికి అందేవి ముందు

మొదట చూడాల్సింది ప్లగ్గులనూ స్విచ్చులనూ. విడిగా ఉండే స్పీకర్లకు కరెంటు ఉందా? పిన్ను ఆకుపచ్చ రంధ్రంలోనే ఉందా, మైకు కోసం పెట్టిన గులాబీ రంగు రంధ్రంలో ఉందా? ల్యాప్‌టాప్‌లో అయితే కీబోర్డు మీది మ్యూట్ మీట. చాలా మోడళ్లలో దానికో చిన్న దీపం కూడా ఉంటుంది. ఆ తర్వాత అదే హెడ్‌ఫోన్‌ను ఫోన్‌కు పెట్టి చూడాలి. అక్కడ కూడా పలకకపోతే కంప్యూటర్‌ను తప్పు పట్టాల్సిన పనే లేదు.

ఇక్కడే ఇంకొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. శబ్దం అసలే రావడం లేదా, లేక ఒక్క ప్రోగ్రాంలోనే రావడం లేదా? ఒక్క బ్రౌజర్‌లోనే రాకపోతే డ్రైవర్ జోలికి వెళ్లనక్కరలేదు. స్పీకర్లలో రాక హెడ్‌ఫోన్‌లో వస్తుంటే సౌండ్ సర్వర్ చాలావరకు బాగానే ఉన్నట్టు. నిన్న వచ్చి ఇవాళ రాకపోతే మధ్యలో ఏం అప్‌డేట్ అయిందో చూడాలి. కొత్తగా ఇన్‌స్టాల్ చేసినప్పటి నుంచీ రాకపోతే డ్రైవర్ గురించో, ఫర్మ్‌వేర్ గురించో ఆలోచించాలి. ఈ నాలుగు జవాబులు కాగితం మీద రాసుకుంటే సగం పని అయినట్టే.

మధ్య మెట్టు మీద పరీక్ష

వెతుకులాటను రెండుగా చీల్చే పరికరం ఒకటుంది. పీఏవీయూకంట్రోల్ అనే చిన్న ప్రోగ్రాం అది. మెనూలో పల్స్‌ఆడియో వాల్యూమ్ కంట్రోల్ అనే పేరుతో కనిపిస్తుంది. చాలా పంపిణీల్లో ముందుగా ఉండదు గానీ ప్యాకేజీ మేనేజర్‌తో సులువుగా తెచ్చుకోవచ్చు. పైప్‌వైర్ ఉన్న కంప్యూటర్‌లో కూడా ఇది నడుస్తుంది. అందులో ఐదు పలకలుంటాయి: వినిపిస్తున్నవి, రికార్డవుతున్నవి, అవుట్‌పుట్ పరికరాలు, ఇన్‌పుట్ పరికరాలు, కాన్ఫిగరేషన్.

ఒక పాట పెట్టి మొదటి పలక తెరవాలి. పాట నడుపుతున్న ప్రోగ్రాం పేరు అక్కడ ఉండాలి. పేరు కింద సన్నటి మీటరు ఒకటి శబ్దం ఎక్కువ తక్కువలను బట్టి కుడికీ ఎడమకీ ఊగుతూ ఉంటుంది. పేరే లేకపోతే ప్రోగ్రాం నుంచి సర్వర్‌కు శబ్దం చేరలేదు, లోపం పైవైపు ఉంది. పేరుండి మీటరు కదలకపోతే ప్రోగ్రాం నిశ్శబ్దాన్ని పంపుతోంది. మీటరు ఊగుతుంటే మూడో పలకకు వెళ్లి అవుట్‌పుట్ పరికరం కింద ఉన్న మీటరు చూడాలి. అది కూడా ఊగుతూ, అయినా ఏమీ వినిపించకపోతే సర్వర్ తన పని చేసింది. ఇక వెతకాల్సింది కిందివైపే, అంటే ఆల్సాలో, చిప్‌లో, తీగలో.

కానీ ఊగుతున్నది ఏ పరికరం మీటరు? ఇది గమనించకపోవడం వల్లనే ఎక్కువమంది గంటల తరబడి ఇబ్బంది పడతారు. ఒక మామూలు కంప్యూటర్‌కు మదర్‌బోర్డు మీద ఒక సౌండ్ పరికరం, గ్రాఫిక్స్ కార్డులో హెచ్‌డీఎంఐ కోసం మరొకటి, వెబ్‌క్యామ్‌లో మైకు కోసం ఇంకొకటి ఉంటాయి. శబ్దం హెచ్‌డీఎంఐ దారి పట్టి, అవతల ఉన్న మానిటర్‌కు స్పీకర్లే లేకపోతే మీటరు హాయిగా ఊగుతూనే ఉంటుంది, చెవికి మాత్రం ఏదీ చేరదు. శబ్దం రాలేదన్న ఫిర్యాదుల్లో తరచుగా తేలే కారణాలు రెండు: తప్పు అవుట్‌పుట్, ఎక్కడో పడిన మ్యూట్. సరైన పరికరాన్ని ఎంచుకుంటే వీటిలో మొదటిది అక్కడికక్కడే తీరిపోతుంది. ఐదో పలకలో ఆ పరికరం ప్రొఫైల్ 'ఆఫ్' అని ఉంటే దాన్ని అనలాగ్ స్టీరియోకు మార్చాలి.

తెర మీద బొమ్మలు వద్దనుకునేవారికి పైప్‌వైర్‌లో డబ్ల్యూపీసీటీఎల్ స్టేటస్ అనే ఆదేశం ఉంది. పరికరాలన్నింటినీ అది చెట్టు కొమ్మల్లా చూపిస్తుంది. ప్రస్తుతం వాడుకలో ఉన్న అవుట్‌పుట్ పక్కన నక్షత్రం గుర్తు, ఆ పక్కనే వాల్యూమ్ అంకె, మ్యూట్ అయి ఉంటే ఆ మాట కనిపిస్తాయి. జాబితాలో 'డమ్మీ అవుట్‌పుట్' ఒక్కటే ఉంటే అర్థం వేరు. సర్వర్‌కు అసలు పరికరమేదీ దొరకలేదు, ప్రోగ్రాములు ఆగిపోకుండా ఒక ఉత్తుత్తి పరికరాన్ని తనే సృష్టించుకుంది. అప్పుడు సర్వర్ సెట్టింగ్స్ ఎంత తిప్పినా లాభం లేదు. నేరుగా అడుగు పొరకు దిగాలి.

దిగువన: మిక్సర్, డ్రైవర్, ఫర్మ్‌వేర్

కెర్నల్‌కు సౌండ్ కార్డు కనిపించిందా లేదా అన్నది అడుగు పొరలో మొదటి ప్రశ్న. ఏప్లే ఆదేశానికి ఒక అడ్డగీత, ఎల్ అక్షరం చేర్చి ఇస్తే కార్డులన్నీ సున్నా నుంచి అంకెలతో వరుసగా వస్తాయి. వాటిలో మదర్‌బోర్డు చిప్ పేరు, తరచుగా రియల్‌టెక్ వారి ఏఎల్‌సీతో మొదలయ్యేది, ఉండాలి. కార్డులేవీ లేవని జవాబొస్తే డ్రైవర్ ఎక్కలేదన్నమాట.

కార్డు ఉంటే ఆల్సామిక్సర్ తెరవాలి. టెర్మినల్‌లోనే నిలువు పట్టీలతో నడిచే పాత సాధనం ఇది, ఇప్పటికీ దీనికి సాటి లేదు. ఎఫ్6 నొక్కి అసలు కార్డును ఎంచుకోవాలి, ఎందుకంటే మొదట కనిపించేది తరచుగా సర్వర్ చూపించే ఒకే ఒక్క పట్టీ. కార్డును ఎంచుకోగానే మాస్టర్, హెడ్‌ఫోన్, స్పీకర్, పీసీఎం వంటి పట్టీలు వరుసగా వస్తాయి. ఒక్కో పట్టీ అడుగున చిన్న గడి ఉంటుంది. గడిలో ఎం అక్షరం రెండుసార్లు ఉంటే ఆ చానెల్ మ్యూట్‌లో ఉంది. రెండు సున్నాల్లాంటి గుర్తు ఉంటే తెరిచి ఉంది. బాణం మీటలతో ఆ పట్టీ మీదికి వెళ్లి ఎం మీట నొక్కితే మ్యూట్ తొలగుతుంది, పైబాణంతో వాల్యూమ్ పెరుగుతుంది. మాస్టర్ నిండుగా ఉన్నా స్పీకర్ పట్టీ మ్యూట్‌లో ఉండడం, లేదా పీసీఎం సున్నా దగ్గర ఉండడం తరచూ కనిపించేదే. డెస్క్‌టాప్ మీద కనిపించే వాల్యూమ్ గుర్తు ఈ లోపలి పట్టీలన్నింటినీ చూపించదు.

కుడివైపు చివర్లో 'ఆటో మ్యూట్ మోడ్' అని మరో గడి కనిపించవచ్చు. హెడ్‌ఫోన్ పెట్టగానే స్పీకర్లను ఆపడం దాని పని. హెడ్‌ఫోన్ రంధ్రంలోని స్విచ్చు దుమ్ముతోనో అరుగుదలతోనో ఇరుక్కుపోతే, ఏమీ పెట్టకపోయినా పెట్టినట్టే చిప్ భావిస్తుంది. స్పీకర్లు మూగబోతాయి. ఆటో మ్యూట్‌ను ఆపితే అవి పలకవచ్చు. పిన్నును కొన్నిసార్లు పెట్టి తీసినా స్విచ్చు వదులు కావచ్చు. సరిచేసిన అమరికను నిలుపుకోవడానికి అడ్మినిస్ట్రేటర్ అధికారంతో ఏఎల్ఎస్ఏసీటీఎల్ స్టోర్ ఆదేశం ఇవ్వాలి. కంప్యూటర్ తెరిచిన ప్రతిసారీ ఆ అమరికే తిరిగి వస్తుంది.

ఇప్పుడు పరీక్ష. స్పీకర్-టెస్ట్ అనే ఆదేశం ఏ ప్రోగ్రాం అవసరం లేకుండా తనే హోరు శబ్దం పుట్టిస్తుంది. డబ్ల్యూఏవీ రకం, రెండు చానెళ్లు అని అడిగితే ఒక గొంతు ఎడమ, కుడి అని ఇంగ్లీషులో విడివిడిగా పలుకుతుంది. ఎడమ పలికి కుడి పలకకపోతే లోపం తీగలోనో స్పీకర్‌లోనో ఉండే అవకాశం ఎక్కువ. సర్వర్‌ను దాటి నేరుగా కార్డు మీద పరీక్షించాలంటే కార్డు అంకెను కూడా చెప్పాలి. అప్పుడు 'పరికరం వాడుకలో ఉంది' అన్న జవాబొస్తే అది లోపం కాదు, సర్వరే దాన్ని పట్టుకుని ఉంది. పాటలన్నీ ఆపి కొన్ని సెకన్లు ఆగితే సర్వర్ మామూలుగా వదిలేస్తుంది.

కార్డే కనిపించనప్పుడు ఎల్‌ఎస్‌పీసీఐ ఆదేశానికి ఒక అడ్డగీత, కే అక్షరం చేర్చి ఇవ్వాలి. ఆడియో పరికరం పేరు కింద 'వాడుకలో ఉన్న డ్రైవర్' అనే వరుస ఉండాలి. ఆడియో పరికరమే లేకపోతే బయాస్‌లో దాన్ని ఎవరో ఆపి ఉండవచ్చు. పరికరముండి డ్రైవర్ వరుస లేకపోతే కెర్నల్ సందేశాలు చదవాలి. జర్నల్‌సీటీఎల్‌కు కూడా అడ్డగీత, కే చేర్చితే అవి వస్తాయి. వాటిలో ఎస్‌ఎన్‌డీ, ఎస్‌ఓఎఫ్, ఫర్మ్‌వేర్ అన్న మాటలున్న వరుసలను వెతకాలి.

ఫర్మ్‌వేర్ గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఇంటెల్ 2004లో తెచ్చిన హెచ్‌డీ ఆడియో పద్ధతిలో కెర్నల్ నేరుగా కోడెక్ అనే సౌండ్ చిప్‌తో మాట్లాడేది, బయటి ఫైళ్లతో పనుండేది కాదు. 2019, 2020ల తర్వాత వచ్చిన అనేక ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్ పక్కనే శబ్దం కోసం ప్రత్యేకంగా ఒక డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్ ఉంటుంది. మూత దగ్గరుండే డిజిటల్ మైకులు దానికే కలిసి ఉంటాయి. అది పనిచేయాలంటే సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ అనే ఫైళ్లు డిస్కులో ఉండాలి. అవి లేకపోతే కెర్నల్ సందేశాల్లో ఫర్మ్‌వేర్ తెరవలేకపోయినట్టు, పక్కన మైనస్ 2 అన్న అంకెతో ఒక వరుస వస్తుంది. మైనస్ 2 అంటే ఆ పేరుగల ఫైల్ దొరకలేదని అర్థం. ఫెడోరా కుటుంబంలో ఆల్సా ఎస్‌ఓఎఫ్ ఫర్మ్‌వేర్ అనే ప్యాకేజీ, డెబియన్‌లో ఫర్మ్‌వేర్ ఎస్‌ఓఎఫ్ సైన్డ్ అనే ప్యాకేజీ వేసి, కంప్యూటర్‌ను మళ్లీ తెరిస్తే కార్డు వచ్చేస్తుంది. డెబియన్ 12కు ముందు సంచికలు అధికారిక ఇన్‌స్టాలర్‌లో ఇలాంటి ఫైళ్లను ఇచ్చేవి కావు. పాత డెబియన్ వేసినవారికి ఈ సమస్య ఎదురు కావడానికి కారణం అదే.

హెడ్‌ఫోన్‌లో చక్కగా వస్తూ ల్యాప్‌టాప్ స్పీకర్లు మాత్రమే పలకకపోతే మరో సంగతి చూడాలి. కొన్ని కొత్త మోడళ్లలో స్పీకర్లను నడిపేది కోడెక్ చిప్ కాదు, సిరస్ లాజిక్, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వంటి సంస్థల విడి యాంప్లిఫయర్ చిప్‌లు. వాటికి విడి డ్రైవర్, విడి ఫర్మ్‌వేర్ కావాలి. కొత్త కెర్నల్‌కు మారడమే దీనికి సరైన మందు. ఆల్సామిక్సర్‌లో ఎంతసేపు తంటాలు పడినా లాభం ఉండదు.

అప్‌డేట్ తర్వాతే శబ్దం పోయినట్టయితే కంప్యూటర్ తెరుచుకునేటప్పుడు గ్రబ్ మెనూలో పాత కెర్నల్‌ను ఎంచుకుని చూడాలి. పాతదాంట్లో వస్తే తప్పు కెర్నల్‌దే, లేదా దానితోపాటు రావాల్సిన మాడ్యూళ్ల ప్యాకేజీ రాలేదు. విండోస్ కూడా ఉన్న కంప్యూటర్లలో ఇంకో చిక్కుంది. విండోస్ నుంచి నేరుగా రీస్టార్ట్ చేస్తే కొన్ని చిప్‌లు దాని అమరికలోనే ఉండిపోతాయి. పూర్తిగా ఆపి, కరెంటు తీసి, కాసేపటికి మళ్లీ తెరిస్తే సరిపోతుంది.

ఎగువన: సర్వర్, అనుమతులు, ప్రోగ్రాములు

అడుగున కార్డు కనిపిస్తున్నా సర్వర్‌కు అది దొరకకపోతే ముందు సర్వర్ నడుస్తోందో లేదో చూడాలి. పైప్‌వైర్, పైప్‌వైర్ పల్స్, వైర్‌ప్లంబర్ మూడూ యూజర్ సర్వీసులుగా నడవాలి. సిస్టమ్‌సీటీఎల్‌కు యూజర్ అన్న సూచన ఇచ్చి స్టేటస్ అడిగితే తెలుస్తుంది, రీస్టార్ట్ అంటే మూడూ కొత్తగా మొదలవుతాయి. ఈ ఆదేశానికి ముందు సుడో పెట్టకూడదు, ఎందుకంటే సర్వర్ నడిచేది లాగిన్ అయిన వ్యక్తి పేరు మీద, అడ్మినిస్ట్రేటర్ పేరు మీద కాదు. పాటల ప్రోగ్రాంను సుడోతో తెరిస్తే శబ్దం రాకపోవడానికి కారణం కూడా ఇదే. పల్స్‌ఆడియో, పైప్‌వైర్ పల్స్ రెండూ ఒకే కంప్యూటర్‌లో నడిచి ఒకే కార్డు కోసం పోటీ పడుతుంటే ఒకదాన్ని తీసేయాలి. రెండింటినీ ఉంచుకుని సర్దుబాటు చేయాలనుకోవడం వృథా ప్రయాస.

వైర్‌ప్లంబర్ పాత ఎంపికలను గుర్తుపెట్టుకుంటుంది. ఎప్పుడో పెట్టిన మ్యూటో, ఇప్పుడు లేని పరికరమో దాని జ్ఞాపకంలో మిగిలి ఇబ్బంది పెట్టవచ్చు. హోం డైరెక్టరీలో దాగి ఉండే లోకల్ ఫోల్డర్‌లోని స్టేట్ కింద వైర్‌ప్లంబర్ పేరుతో ఉన్న ఫోల్డర్‌కు మరో పేరు పెట్టి, సర్వీసులను రీస్టార్ట్ చేస్తే అది మొదటి నుంచి నేర్చుకుంటుంది. తుడిచేయడం కన్నా పేరు మార్చడమే మేలు, ఫలితం లేకపోతే వెనక్కి తెచ్చుకోవచ్చు.

అనుమతుల సంగతి తేలికైనది. కంప్యూటర్ ముందు కూర్చుని లాగిన్ అయిన వ్యక్తికి సౌండ్ పరికరం మీద హక్కును లాగిన్ వ్యవస్థే ఇస్తుంది. యూజర్‌ను ఆడియో గ్రూపులో చేర్చమని పాత సలహాలు చెబుతాయి గానీ సిస్టమ్‌డీ ఉన్న డెస్క్‌టాప్‌లో అది సాధారణంగా అనవసరం. కొత్తగా మరో యూజర్‌ను సృష్టించి అతని పేరుతో లాగిన్ అయితే శబ్దం వస్తుందా అన్నది ఇంతకన్నా మంచి పరీక్ష. వస్తే లోపం మొదటి యూజర్ అమరికల్లో ఉంది, సిస్టమ్‌లో కాదు.

ప్రోగ్రాముల్లో బ్రౌజర్‌దే ఎక్కువ పేచీ. ఒక ట్యాబ్ మ్యూట్‌లో ఉండవచ్చు, తనంతట తాను మొదలయ్యే వీడియోల శబ్దాన్ని బ్రౌజర్ ఆపి ఉండవచ్చు. ఫైర్‌ఫాక్స్ 2017లో విడుదలైన 52వ సంచిక నుంచి అధికారిక లినక్స్ కూర్పులో ఆల్సాతో నేరుగా మాట్లాడటం మానేసింది, పల్స్‌ఆడియో గానీ దాని రూపంలో పైప్‌వైర్ గానీ ఉండాలి. సౌండ్ సర్వర్ లేకుండా తేలికగా నడిపే కంప్యూటర్లలో మిగతా ప్రోగ్రాములన్నీ పలికి ఫైర్‌ఫాక్స్ ఒక్కటే మూగబోవడానికి కారణం ఇదే. ఫ్లాట్‌ప్యాక్, స్నాప్ రూపంలో వచ్చిన ప్రోగ్రాములకు శబ్దం వాడే అనుమతి విడిగా ఉంటుంది. ఇక ఒక వీడియోలో బొమ్మ వచ్చి శబ్దం రాక, వేరే వీడియోలో రెండూ వస్తే, ఆ ఫైలు శబ్దాన్ని విప్పే కోడెక్ సాఫ్ట్‌వేర్ లేదని అర్థం. పేటెంట్ల కారణంగా ఫెడోరా వంటి పంపిణీలు కొన్ని కోడెక్‌లను మొదట్లో ఇవ్వవు.

బ్లూటూత్ హెడ్‌ఫోన్ దారి వేరు. అది మదర్‌బోర్డు చిప్‌ను అసలు తాకదు, కాబట్టి ఆల్సామిక్సర్‌లో దానికోసం వెతకకూడదు. జత కలిసినా అవుట్‌పుట్ జాబితాలో రాకపోతే, డెబియన్, ఉబుంటుల్లో పైప్‌వైర్‌కు బ్లూటూత్‌ను నేర్పే విడి ప్యాకేజీ ఉందో లేదో చూడాలి. జాబితాలో ఉండి శబ్దం సన్నగా పాత టెలిఫోన్‌లా వస్తుంటే అది కాల్ ప్రొఫైల్‌లో ఉంది. నాణ్యమైన సంగీతానికి ఏ2డీపీ ప్రొఫైల్ కావాలి, కానీ అందులో మైకు పనిచేయదు. మీటింగ్ ప్రోగ్రాం మైకును అడగ్గానే హెడ్‌ఫోన్ కాల్ ప్రొఫైల్‌కు మారడం బ్లూటూత్ పద్ధతిలోనే ఉన్న పరిమితి. ఇక బ్లూటూత్ కాకుండా మామూలు స్పీకర్లలో పాటలోని మొదటి క్షణం మాత్రమే తెగుతుంటే, విద్యుత్తు ఆదా కోసం చిప్ నిద్రపోయి ఆలస్యంగా లేస్తోంది. డ్రైవర్‌లోని పవర్ సేవ్ అమరికను సున్నా చేస్తే ఇది తరచుగా పోతుంది.

బీఎస్‌డీ కుటుంబంలో

యూనిక్స్ వారసత్వంలో లినక్స్ ఒక్కటే లేదు. ఫ్రీబీఎస్‌డీ నేటికీ ఓఎస్ఎస్ పద్ధతినే వాడుతుంది. డెవ్ డైరెక్టరీలోని ఎస్‌ఎన్‌డీస్టాట్ ఫైలును చదివితే కార్డుల జాబితా వస్తుంది. హెచ్‌డీఎంఐ పరికరం సున్నా అంకెతో ముందు నిలబడి, శబ్దమంతా అటు పోవడం అక్కడా మామూలే. హెచ్‌డబ్ల్యూ ఎస్‌ఎన్‌డీ డిఫాల్ట్ యూనిట్ అనే సిస్‌సీటీఎల్ విలువను అనలాగ్ కార్డు అంకెకు మార్చితే సరి. ఓపెన్‌బీఎస్‌డీలో ఎస్‌ఎన్‌డీఐఓ అనే సొంత సౌండ్ వ్యవస్థ ఉంది. మైకు రికార్డింగ్‌ను ఓపెన్‌బీఎస్‌డీ సహజంగానే ఆపి ఉంచుతుంది. మైకు నుంచి నిశ్శబ్దమే రికార్డైతే అక్కడ అది లోపం కాదు, గోప్యత కోసం చేసిన ఏర్పాటు. అవసరమైనవారు తామే అనుమతించుకోవాలి.

పరికరమే చెడిందా?

ఇంతవరకూ వచ్చినా ఫలితం లేకపోతే పెన్‌డ్రైవ్ నుంచి నడిచే మరో పంపిణీ కొత్త సంచికను తెరిచి చూడాలి. డిస్కులో ఏమీ మారదు. అందులో శబ్దం వస్తే పరికరం బాగుంది, లోపం డిస్కులోని సాఫ్ట్‌వేర్‌లో ఉంది. అందులోనూ రాక, విండోస్‌లోనూ రాకపోతే చిప్పో జాకో చెడిందని నిర్ణయించుకోవచ్చు. అప్పుడు మదర్‌బోర్డు మార్చడం కన్నా చిన్న యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్ కొనడం చవక. యూఎస్‌బీ ఆడియో ప్రమాణాన్ని పాటించే అడాప్టర్లకు డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటుంది, విడిగా ఏదీ వేయనక్కరలేదు.

విండోస్‌లో వస్తూ లినక్స్‌లో మాత్రమే రాకపోతే సంగతి ఇంకోలా ఉంటుంది. ఒకే రియల్‌టెక్ చిప్‌ను ఒక్కో తయారీదారు ఒక్కో రకంగా తీగలతో కలుపుతాడు. చిప్‌లోని ఏ కాలు (పిన్) స్పీకర్‌కు, ఏ కాలు హెడ్‌ఫోన్‌కు వెళ్తుందో చెప్పే పట్టికను బయాస్ ఇవ్వాలి. ఆ పట్టిక చాలాసార్లు తప్పుగా ఉంటుంది. ఆ తప్పులను సరిదిద్దే వందలాది మోడళ్ల జాబితా కెర్నల్‌లోని రియల్‌టెక్ డ్రైవర్‌లో ఉంది. ఒక ల్యాప్‌టాప్ పేరు అందులో చేరలేదంటే దాన్ని కొన్న ఎవరూ ఇంకా సరైన వివరాలు పంపలేదని అనుకోవచ్చు. ఆల్సా ఇన్ఫో అనే స్క్రిప్ట్ నడిపితే కార్డు, కోడెక్, కాళ్ల పట్టిక, కెర్నల్ సంచిక అన్నీ ఒకే ఫైలులోకి వస్తాయి. ల్యాప్‌టాప్ పూర్తి మోడల్ పేరుతో, ఏది పలుకుతోందో ఏది పలకడం లేదో రెండు మాటలు రాసి, ఆ ఫైలును పంపిణీ వారి బగ్ ట్రాకర్‌కో ఆల్సా అభివృద్ధి బృందానికో పంపాలి. శబ్దానికి యూఎస్‌బీ అడాప్టర్‌తోనే సరిపెట్టుకున్నవారు కూడా ఈ పని వదిలేయకూడదు. ఆ నివేదిక ఆధారంగా ఒక వరుస చేరితే, రాబోయే కెర్నల్‌లో అదే మోడల్ కొన్న ప్రతి ఒక్కరికీ మొదటి రోజు నుంచే స్పీకర్లు పలుకుతాయి.